తమ పేరు తామే ఇచ్చుకున్నవాళ్లు

ఆన్‌లైన్ జూదం కంపెనీలో పనిచేసి రిటైరయ్యానని చెబితే, వినేవాళ్లు ఒక్క క్షణం ఆగి నా మొహం మళ్లీ చూస్తారు. మా అమ్మ కూడా అలాగే చూసింది. మాది మలేషియాలోని బాగన్ దాతుక్. తాత, నాన్న కొబ్బరి తోటల్లో పనిచేశారు. నేను కౌలాలంపూర్‌లో ఒక బ్యాంకులో, దొంగ లావాదేవీలు పట్టుకునే విభాగంలో చాలా ఏళ్లు చేసి, నలభై దాటాక ఈ కంపెనీకి మారాను. ఆ సంగతి చెప్పిన రోజు అమ్మ వంటింట్లో కొబ్బరి కోరుతోంది.

"జూదం ఆడించేవోళ్ల కాడ నీకు పనేటే?" అంది.

"ఆడించడం కాదమ్మా. ఆడకూడనోళ్లని ఆపడం."

"ఆపినందుకు నీకు జీతం ఎవులిత్తారు?"

"ఆడించేవోళ్లే ఇత్తారు."

అమ్మ కోరడం ఆపి నన్ను చూసింది. "అయితే ఆలు ఎంతమట్టుకు ఆపమంటే అంతమట్టుకే ఆపుతావు" అని, మళ్లీ కోరడం మొదలుపెట్టింది.

ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను వాదించింది ఆ ఒక్క మాటతోనే. ఇప్పుడు మన పిల్లలు, ఇక్కడ పుట్టినవాళ్లూ, ఆంధ్ర తెలంగాణల నుంచి కొత్తగా వచ్చినవాళ్లూ, ఇలాంటి ఆఫీసుల్లో చేరుతున్నారు. ఏ పదవికి ఎలా ఎక్కాలో నేను చెప్పలేను. పని అసలు ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను.

ఒక యూరప్ కాదు

మా కంపెనీ ప్రధాన కార్యాలయం మాల్టా దీవిలో. ఆడేవాళ్లు యూరప్‌లో. తనిఖీలు చేసే మేము కౌలాలంపూర్‌లో ఒక ఎత్తయిన భవనంలో. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఇక్కడ తక్కువ జీతానికి దొరుకుతారు కాబట్టి పని ఇక్కడికి వచ్చింది. మలేషియాలో ఉన్న మనిషి మా సైటు తెరవనే లేడు. ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

కొత్తగా చేరినవాళ్లందరూ ఒకటే అనుకుంటారు. యూరప్ అంటే ఒకటే మార్కెట్, కాబట్టి ఒక లైసెన్సు ఉంటే చాలని. కాదు. జూదం విషయంలో ఏ దేశం చట్టం ఆ దేశానిదే. జర్మనీలో ఒక మనిషి నెలకింత అని పెట్టుకున్న పరిమితి అక్కడి కంపెనీలన్నిటికీ కలిపి ఒకటే. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో పందెం కట్టనివ్వరు. మాల్టా లైసెన్సు చూపించి స్వీడన్ వాళ్లకి తలుపు తెరిస్తే స్వీడన్ ఊరుకోదు. ప్రతి దేశానికీ విడిగా దరఖాస్తు, విడిగా తనిఖీ, విడిగా భయం.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. స్వీడన్‌లో ఎవరైనా తన జూదం తన చేతిలో లేదనిపిస్తే, ప్రభుత్వం నడిపే రిజిస్టరులో తన పేరు తానే ఇచ్చుకోవచ్చు. 'నన్ను ఆడనివ్వకండి' అని అడగడమన్నమాట. అక్కడ లైసెన్సున్న ప్రతి కంపెనీ, మనిషి లోపలికి వచ్చే ప్రతిసారీ ఆ రిజిస్టరును అడగాలి. ఉన్నాడంటే తలుపు మూయాలి. స్పెయిన్‌కీ ఇలాంటిదే ఉంది. అయితే స్వీడన్ రిజిస్టరు సంగతి స్పెయిన్‌కు తెలియదు, స్పెయిన్‌ది స్వీడన్‌కు తెలియదు.

రిజిస్టరు పలకని రోజు

నా మొదటి పై అధికారి కాలిన్ అనే ఇంగ్లీషాయన. చెడ్డవాడు కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేవాడు. కానీ ఆటగాడు తలుపు దగ్గర క్షణం ఆగినా పక్క కంపెనీకి పోతాడన్న దిగులు ఆయనకు ఎప్పుడూ ఉండేది.

స్వీడన్ లైసెన్సు కోసం సాఫ్ట్‌వేర్ సిద్ధం చేస్తున్న రోజులవి. దాన్ని రాసినవాడు హర్ష, గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు. ఒక సమావేశంలో అతను అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"మనం రిజిస్టర్ని అడుగుతాం సరే. వాళ్ల వైపు నుంచి జవాబే రాకపోతే ఏం చేయమంటారు? లోపలికి పంపాలా, ఆపాలా?"

నేను ఆపాలన్నాను. కాలిన్ నవ్వి, "జవాబు రాలేదంటే అభ్యంతరం లేదనే కదా. నెట్‌వర్క్ సరిగ్గా లేని పాపానికి వేలమంది మంచి కస్టమర్లను బయట నిలబెడతామా?" అన్నాడు. హర్ష నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. జీతం పెంచేది ఆయన. పంపేలాగే రాశాడు.

చాలాకాలం ఏమీ కాలేదు. అందుకే అది తప్పని ఎవరికీ అనిపించలేదు. ఒకరోజు మా వైపు మధ్యాహ్న భోజనాల వేళ, స్వీడన్‌లో తెల్లవారేసరికి, రిజిస్టరుకూ మాకూ మధ్య లైను తెగింది. మా సైటు మాత్రం మామూలుగానే నడిచింది. తమ పేరు తామే ఇచ్చుకుని బయట ఉండిపోయినవాళ్లు ఆ పూట అలవాటుగా తలుపు తోసి చూశారు. తెరుచుకుంది.

వాళ్లలో ఒకతను మర్నాడు ఫోన్ చేశాడు. అతన్ని ఇక్కడ ఆండర్స్ అంటాను. అసలు పేరు అది కాదు. కలప లారీ నడిపేవాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటాడని జవాబు సిద్ధం చేసుకుని ఫోన్ తీసుకున్నాను. అతను డబ్బు మాట ఎత్తలేదు.

"నన్నెందుకు రానిచ్చారు?" అన్నాడు.

"సాంకేతిక లోపం..."

"నేను తలుపు తోస్తాను. అది నా జబ్బు. తోసినా తెరవకూడదనే కదా పేరిచ్చింది. నా భార్యకు అదే చెప్పాను. ఇక తోసినా తెరుచుకోదు, నిశ్చింతగా ఉండమని. ఇప్పుడు ఆమెకు ఏం చెప్పను?"

క్షమించమన్నాను. నిన్నటి ఆటను రద్దు చేసి సొమ్ము తిరిగి పంపుతామన్నాను. "అది కాదు నేనడిగింది" అని పెట్టేశాడు.

కంపెనీ తనంతట తానే స్వీడన్ అధికారులకు ఆ విషయం చెప్పుకుంది. వాళ్లు వచ్చి చూసి జరిమానా వేశారు, లైసెన్సు మీద హెచ్చరిక పెట్టారు. కాలిన్ సెలవు తీసుకుని మళ్లీ రాలేదు. హర్ష కొన్నాళ్లు భోజనానికి కూడా ఎవరితోనూ కలవలేదు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "నర్సమ్మ గారూ, నేను ఒక్క లైను తిప్పి రాసుంటే సరిపోయేది" అన్నాడు. ఆ లైను అతను రాసింది నిజమే. రాయమన్నది అతను కాదు. ఈ రెండూ విడివిడిగా చూడటం నేర్చుకోండి. లేకపోతే ఈ ఉద్యోగంలో ఒకరి పాపం ఇంకొకరు మోస్తుంటారు.

మార్తా

కాలిన్ స్థానంలో మార్తా వచ్చింది. మాల్టా మనిషి. అంతకుముందు కంపెనీలను తనిఖీ చేసే ప్రభుత్వ విభాగంలోనే పనిచేసింది. పొట్టిగా ఉండేది, మెల్లగా మాట్లాడేది, రోజూ పొద్దున నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లం తెప్పించుకుని, అందులో ఉండే సంబల్ కారం మొత్తం పక్కకు నెట్టి తినేది. వచ్చిన మొదటి వారం హర్షను పిలిచి తిట్టలేదు. "మన సాఫ్ట్‌వేర్‌లో ఇంకెక్కడెక్కడ మౌనాన్ని సరేనని అనుకుంటున్నామో వెతుకు" అంది. అతను వెతికితే అలాంటివి ఇంకా బయటపడ్డాయి. అన్నీ తిప్పి రాశాడు. ఆ పనిలోనే మనిషి తేరుకున్నాడు.

కొన్ని నెలలకు స్పెయిన్ విభాగంలో ఒక కొత్త ఖాతా నా ముందుకు వచ్చింది. ఆట తీరు బాగాలేదు. ఓడిన కొద్దీ పందెం పెంచుతున్నాడు, ఆపి మళ్లీ వెంటనే వస్తున్నాడు. పేరు చూశాను. పుట్టిన తేదీ చూశాను. ఆండర్స్.

స్పెయిన్‌లో పని దొరికి వెళ్లాడు. అక్కడి గుర్తింపు కార్డుతో మా స్పెయిన్ సైటులో చేరాడు. స్పెయిన్ రిజిస్టరును అడిగితే 'అనుమతి ఉంది' అని చెప్పింది. అది అబద్ధం కాదు. అక్కడ అతను పేరివ్వలేదు.

దీని మీద పెద్ద వాదనే అయింది. అమ్మకాల విభాగం, స్పెయిన్ చట్టంలో మనం చేయాల్సిందంతా చేశాం అంది. లాయరు ఇంకో మాట అన్నాడు. స్వీడన్ రిజిస్టరు నుంచి తెలిసింది స్వీడన్ పనికే వాడాలి, దాన్ని స్పెయిన్‌కు మోసుకురావడం ఆ మనిషి వ్యక్తిగత వివరాలను దుర్వినియోగం చేయడమే అన్నాడు. అతను చెప్పిందీ తప్పు కాదు. కొత్తవాళ్లు లాయర్లను అడ్డంకిగా చూస్తారు. చాలాసార్లు వాళ్లు కాపాడేది కూడా ఆటగాణ్ణే.

మార్తా అందరి మాటా విని నన్ను అడిగింది. "రిజిస్టరు సంగతి వదిలెయ్. ఆ మనిషి తన నోటితో నీకు ఏం చెప్పాడు?"

"తలుపు తోయడం తన జబ్బు అన్నాడు."

"అది ఎవరి రిజిస్టరులోదీ కాదు. మనకే చెప్పాడు. పైగా ఇప్పుడు ఎలా ఆడుతున్నాడో కళ్ల ముందే ఉంది. ఈ రెండూ చాలు. ఖాతా నిలిపేసి ఫోన్ చెయ్."

చట్టం అడిగినంత చేసి చేతులు దులుపుకునే దారి ఆమెకూ ఉంది. ఆ నెల స్పెయిన్ లెక్కలు ఆమె పై వాళ్లకు కావాలి. అయినా ఆ మాట అంది. నేను చూసిన అధికారుల్లో ఆమెను పైన పెట్టడానికి అదొక్కటే కారణం.

ఫోన్ చేశాను. ఆండర్స్ నా గొంతు గుర్తుపట్టాడు. కోపగించుకున్నాడు.

"ఇక్కడ నేను పేరివ్వలేదు. నన్ను ఆపడానికి మీరెవరు?"

"అవును, మీరివ్వలేదు. మా ఖాతా మాత్రం మేం ఆపాం."

"వీధిలో ఇంకో పది కంపెనీలున్నాయి. వాళ్లకు చెబుతారా?"

"చెప్పలేం. చెప్పే హక్కు మాకు లేదు. మీకుంది. ఇక్కడ కూడా రిజిస్టరు ఉంది. ఎలా ఇవ్వాలో కావాలంటే ఇప్పుడే చెబుతాను."

అవతల లారీల శబ్దం వినిపిస్తోంది. "నీకు జీతం ఇచ్చేది ఆ కంపెనీయే కదా" అన్నాడు. అవునన్నాను. ఎలా ఇవ్వాలో చెప్పమన్నాడు. చెప్పాను. థాంక్స్ అనకుండా పెట్టేశాడు.

మళ్లీ అతనితో మాట్లాడలేదు. కొన్ని వారాల తర్వాత మా ఖాతాలోకి రావడానికి ఒకసారి ప్రయత్నించాడు. సాఫ్ట్‌వేర్ స్పెయిన్ రిజిస్టరును అడిగితే ఈసారి 'అనుమతి లేదు' అని వచ్చింది. కారణం రాదు, వివరం రాదు. ఆ రెండు ముక్కలే. హర్ష, నేను తెర ముందు నిలబడి దాన్ని చూశాం. "తోశాడు. తెరుచుకోలేదు" అన్నాడు హర్ష. ఇద్దరం వెళ్లి టీ తాగాం. నా ఉద్యోగంలో పండగలాంటి రోజు అంటే అదే.

మా ముద్ర, మాది కాని సైటు

మా తమ్ముడు అప్పలరాజు మా ఊరికి దగ్గర్లోని హుటాన్ మెలింటాంగ్‌లో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు మరదలు లక్ష్మి నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, "వదినా, ఆయన ఫోనులో ఆడతన్నారు. అడిగితే మీ కంపెనీదే అంటన్నారు" అంది.

రాజును అడిగాను. దాచలేదు. ఫోను నా చేతిలో పెట్టి, ఇక్కడి మలయ్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి అన్నాడు.

"మీదే కదా లా. కింద మీ ముద్ర ఉంది సూడు. అక్క పనిసేసే కాడ మోసం ఉండదని దీన్నే ఎంచుకున్నాను."

చూశాను. మా కంపెనీ గుర్తు, మాల్టా లైసెన్సు ముద్ర, మా అసలు నంబరు కూడా ఉన్నాయి. సైటు మాత్రం మాది కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని మా పేజీ కిందిభాగాన్ని కత్తిరించి అతికించుకున్నారు. అసలు సైటులో ఆ ముద్ర నొక్కితే అధికారుల పేజీకి తీసుకెళ్లి లైసెన్సు చూపిస్తుంది. ఇక్కడ నొక్కితే ఏమీ కాలేదు. అది వట్టి బొమ్మ.

"ఇది మాది కాదురా. మేం మలేషియాలో ఆడించం. ఇందులో ఆపమని అడగడానికి మనిషి లేడు, నువ్వు గెలిచినా ఇవ్వమని నిలదియ్యడానికి ఆఫీసు లేదు."

"మరి ముద్ర?"

"దొంగది."

మర్నాడు మార్తాకు చెప్పాను. మా లాయర్లు ఆ సైటును ఆపించారు. ఇక్కడి అధికారులకూ ఫిర్యాదు చేశాను. వారం తిరక్కుండానే అదే సైటు ఇంకో పేరుతో లేచింది. మా తమ్ముడికి ఆ కొత్త చిరునామా ఫోనులో ఆ సైటు వాళ్లే పంపారు.

అప్పుడు నాకు తెలిసిన పద్ధతిలో దిగాను. ఆఫీసులో పదిమందికి నేర్పిన పద్ధతే. గొంతు తగ్గించి, తప్పు పట్టకుండా, 'ఆడినప్పుడు నీకేమనిపిస్తోంది, ఆపాలని ఎప్పుడైనా అనుకున్నావా' అని అడగడం మొదలుపెట్టాను. రాజు సగంలోనే ఆపాడు.

"అక్కా, ఆ తెల్లోళ్లతో మాటాడినట్టు నాతో మాటాడకు."

ఆ మాటకు చాలా నొచ్చుకున్నాను. కానీ ఆలోచిస్తే వాడన్నది సరైనదే. ఆండర్స్‌తో నా మాట పనిచేసింది నా గొంతు మెత్తగా ఉన్నందుకు కాదు. వెనక ఒక రిజిస్టరు, దాన్ని అడిగి తీరాల్సిన కంపెనీలు, అడగకపోతే జరిమానా వేసే మనుషులు ఉన్నారు. తమ్ముడి వెనక అవేవీ లేవు. ఉన్నది నేను, లక్ష్మి, ఒక ఫోను.

"ఏటి సెయ్యమంటావు మరి?" అన్నాడు వాడే. "ఆపాలనే ఉంది. ఫోను సేతిలో ఉంటే సెయ్యి ఆగదు."

నేను వాడికి స్వీడన్ సంగతి చెప్పాను. అక్కడి మనుషులు తమ పేరు తామే ఇచ్చుకుంటారని, తర్వాత వాళ్లు అడిగినా ఎవరూ తలుపు తియ్యరని. రాజు శ్రద్ధగా విన్నాడు. "ఆ పేరిచ్చేటప్పుడు సిగ్గెయ్యదా?" అని అడిగాడు. వేస్తుందన్నాను.

తర్వాత వాడు చేసింది నేను చెప్పింది కాదు. కౌలాలంపూర్ దగ్గర క్లాంగ్‌లో, మాకూ బాగా వచ్చిన తమిళంలో మాట్లాడే ఒక కౌన్సెలర్ దగ్గరికి నాతో వచ్చాడు. ఆమె దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం ఊళ్లో రేవు దగ్గర ఒక్కొక్కరి దగ్గరికీ నడిచాడు. పడవల యజమానితో, "నా కూలి డబ్బులు మా ఆడదాని ఖాతాలో వెయ్యండి. నేనడిగినా నాకు ఇయ్యకండి" అన్నాడు. టీ కొట్టులో ఉన్నవాళ్లతో, తనకెవరూ చేబదులు ఇవ్వొద్దన్నాడు. సింహాద్రి మామకు రేవు దారిలో చిన్న కొట్టుంది. ఊళ్లో సగం మంది ఫోను వాలెట్లోకి డబ్బు వేయించుకునేది ఆయన దగ్గరే. ఆయనతో కూడా చెప్పాడు. "మామా, నాకు ఫోన్లో డబ్బు ఎయ్యకు. కొట్టినా ఎయ్యకు." నేను పక్కనే ఉన్నాను. టీ కొట్టులో ఒకరిద్దరు నవ్వారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి. అయినా చివరిదాకా వెళ్లాడు.

చేరబోయేవాళ్లకు

ఆ తర్వాత కొన్నాళ్లకే రిటైరయ్యాను. మార్తా తన దేశం వెళ్లిపోయింది. హర్ష ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు కొత్తవాళ్లకు అతనే నేర్పుతున్నాడు.

మీరు ఈ పనిలోకి వస్తే మీ ఇంట్లోనూ మా అమ్మ అడిగిందే అడుగుతారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన జూదం మంచిదైపోతుందని నేను చెప్పను. నేనైతే ఒక్క పందెమూ కట్టలేదు, కట్టను. లైసెన్సు చేసేదల్లా ఒక్కటే. తప్పు జరిగినప్పుడు, 'నన్నెందుకు రానిచ్చారు' అని అడగడానికి ఒక మనిషి, జవాబు చెప్పక తప్పని ఇంకో మనిషి ఉంటారు. ఆ రెండో మనిషి మీరే. జీతమిచ్చేవాళ్లు చెప్పినంత మట్టుకే ఆపుతారో, ఇంకొంచెం ముందుకు వెళతారో ఎవరూ రాసివ్వరు. కాలిన్ దగ్గర చేసినా మీ ఉద్యోగం పేరు అదే, మార్తా దగ్గర చేసినా అదే. మీ అధికారి ఏ రకమో తొందరగా తెలుసుకోండి. మొదటి రకమైతే వాదించండి. వాదన సాగకపోతే వేరే చోటు చూసుకోండి.

ఇక తమ్ముడి సంగతి. మొన్న వాడి బండి వెనక కూర్చుని రేవుకు చేపలకు వెళ్లాను. సింహాద్రి మామ కొట్టు ముందు బండి ఆపాడు. నీళ్ల సీసా కొనడానికనుకున్నాను. లోపలికి వెళ్లి, జేబులోంచి నోటు తీసి బల్ల మీద పెట్టి, "మామా, ఫోన్లో ఎయ్యి. కరెంటు బిల్లు కట్టాల" అన్నాడు.

మామ నోటు ముట్టుకోలేదు. "లక్ష్మిని రమ్మను."

"నిజంగా కరెంటుకే లా."

"కరెంటుకే అయుంటాది. లక్ష్మిని రమ్మను."

"ఇన్నాళ్లయింది కదా మామా. ఇంకా నమ్మకం లేదా?"

"నమ్మకమే. నువ్వొచ్చి సెప్పిన మాట మీద నాకు నమ్మకం" అని మామ నోటును వేలితో మెల్లగా వెనక్కి తోశాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. రాజు ఏదో గట్టిగా అనబోయాడు. తర్వాత నోటు తీసి మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. బండి మీద కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"కరెంటుకి కాదక్కా" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

వాడు కొట్టు వైపు ఒకసారి తిరిగి చూసి, "ముసిలోడు ఎయ్యలేదు సూడు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. బండి తీశాడు. చేపలు అయిపోకముందే రేవు చేరాం.